మొగలిపొదల దారిలో మా అవ్వ

సముద్రం ఒడ్డున పెరిగే మొక్కలు, వాటి ఉపయోగాల గురించి ఒక వ్యాసం రాసిమ్మని మా కాలేజీ పత్రిక చూసే సారు అడిగారు. జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. మడచెట్ల శ్వాసవేర్లను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. సముద్రాన్ని మాత్రం మొన్న ఎండాకాలం సెలవుల దాకా చూడలేదు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు పెద్ద చెరువు నిండితే అదే సముద్రం. చెప్పే మేడమ్‌కూ అంతే.

అయిదు రోజులు తిరిగొచ్చాను కదా, రాయడానికేం భాగ్యమని ఒప్పుకున్నాను. తీరా కూర్చుంటే, ఆకుల సంగతి కంటే ముందు రాయాల్సింది ఇంకొకటి ఉంది. అది దాచి ఆకుల గురించి మాత్రం రాస్తే ఆ అయిదు రోజుల్లో చేసిన పనే మళ్లీ చేసినట్టవుతుంది. కాబట్టి మొక్కలూ ఉంటాయి, అదీ ఉంటుంది. చదివాక నన్ను ఏమనుకున్నా సరే.

కోరుట్ల

నాతో వచ్చింది మా అవ్వ, రాజవ్వ. మా వైపు తల్లిని అవ్వ అంటాం, కూతుర్ని బిడ్డ అంటాం. ఇక్కడి వాళ్లకు ఈ ముక్క చెప్పక్కర్లేదు. కానీ గోదావరి దిగువన అవ్వ అంటే ఎవరైనా ముసలావిడ, బిడ్డ అంటే ఎవరి పసిపిల్లైనా. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

అవ్వ మల్లాపూర్‌లో పుట్టింది, కోరుట్లలో బీడీలు చేసి నన్ను చదివించింది. తునికాకు నానబెట్టడం, రేకు పెట్టి కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. ఇప్పుడు మానేసినా, ఊరికే కూర్చున్నప్పుడు ఆమె వేళ్లు వాటంతట అవే ఏదో చుడుతూ ఉంటాయి. ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల, నా బట్టల్లో తంబాకు వాసన వస్తోందని ముక్కు మూసుకుని బెంచీ మారింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా మాది వ్యవసాయం అని చెప్పడం నేర్చుకున్నాను. ఒక్క గుంట భూమి లేదు మాకు.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే శ్రావణికీ అదే చెప్పాను. బీర్పూర్ వైపు పొలాలున్నాయని, మా అమ్మ వాటిని చూసుకుంటుందని. శ్రావణిది కోనసీమ. సముద్రం పక్కనే వాళ్ల మేనత్త సత్యవతిగారి ఇల్లు ఉందని, వెళ్లి రెండు మూడు రోజులు ఉండమని ఆమే ఏర్పాటు చేసింది. ఫోన్లో మాట్లాడుతుంటే అవ్వ వింది.

"నేను గూడ అస్త బిడ్డా. సముద్రం మన చెరువుకు ఎన్నింతలుంటదో సూడాలె. సచ్చేలోపట ఒక్కసారి."

వద్దనడానికి నోరు రాలేదు. రమ్మనడానికీ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. అవ్వ కూడా వస్తోందని శ్రావణికి చెప్పలేదు. అవ్వ మాత్రం అప్పటికే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టేసింది.

కోరంగి

కాకినాడ పక్కన కోరంగి మడ అడవిలో చెక్కల బాట ఉంది. దాని మీద నడుస్తుంటే కింద బురద, బురదలోంచి వేలకు వేలు పుల్లలు నిక్కి ఉన్నాయి. నేను బోర్డు మీద గీసినవి ఇవేనా అని అలాగే నిలబడిపోయాను. నా బొమ్మలో అవి పొందిగ్గా, చెక్కిన పెన్సిళ్లలా ఉండేవి. ఇక్కడ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ ఉన్నాయి, నత్తలు పట్టి ఉన్నాయి.

"గిదేంది బిడ్డా, గీ చెట్టు ఏర్లు మీదికెందుకు లేసినయ్?"

బురదలో గాలి ఉండదని, అందుకే ఊపిరి కోసం వేర్లు పైకి వస్తాయని చెప్పాను.

"అంతేగదా మల్ల. నీళ్లల్ల మునిగెటోడు ముందుగాల ముక్కే పైకి వెడ్తడు."

మా పిల్లలకు ఈ ముక్క ఎక్కించడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది.

పడవ నడిపే ఆయన ఉపయోగాలు చెప్పాడు. తెల్లమడ ఆకు గేదెలు ఇష్టంగా మేస్తాయట. ఉప్పుపొన్న బెరడు నానబెట్టిన నీళ్లలో పూర్వం నూలు వలలు ముంచేవారట. "ఆ రంగెక్కితే వల బేగా కుళ్లదండి. ఇప్పుడన్నీ నైలాన్ వలలు కదండీ, ఎవరికీ పనిలేదు. చెట్టు కొడితే కేసు కూడానండి" అన్నాడు. తుఫాను వచ్చినప్పుడు ఊరికి అడ్డం నిలబడేది ఈ అడవేనని చేయెత్తి దండం పెట్టాడు. అవ్వ కూడా పెట్టింది. పడవలో ఉన్న ఇంకో జంట అవ్వ మాట తీరు విని నవ్వుకున్నారు. దిగేటప్పుడు నేను అవ్వ కంటే నాలుగడుగులు ముందు నడిచాను. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది.

సత్యవతిగారి ఇల్లు

అమలాపురం దాటి సముద్రం వైపు పోతే అంతా కొబ్బరే. మా దగ్గర బొండాం నలభై, యాభై. అక్కడ చెట్టు కిందే ఇరవై రూపాయలకు కొట్టిచ్చారు. కొబ్బరిలో పారేసేదేమీ లేదు. పీచు తాళ్లకు, ఆకు దడులకు, ఈనెలు చీపుళ్లకు, మట్ట పొయ్యిలోకి, చిప్ప గరిటెకు. మా తాటిచెట్టును వాళ్లకు చూపించి మేమూ గొప్పలు పోవచ్చుగానీ, తాటిచెట్లు కూడా వాళ్లకున్నాయి.

సత్యవతిగారు గేటు దాకా ఎదురొచ్చారు. అరవై దాటిన మనిషి, నవ్వుతూ మాట్లాడతారు. "రండి రండి పద్మగారూ! మా శ్రావణి మీ గురించి చెప్పని రోజు లేదండి. మీ అమ్మగారిని కూడా తీసుకురావలసింది. పొలాలు వదిలి రాలేకపోయారాండీ?"

అవ్వ అప్పుడు నా వెనక, గేటు పక్కన కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. నూలు చీర, చేతిలో నా సంచి, తన సంచి రెండూ. అక్కడి నుంచే అడిగింది. "బిడ్డా, గీ సంచి యాడ వెట్టాలె?"

"అక్కడే పెట్టవ్వా" అన్నాను.

సత్యవతిగారు గొంతు తగ్గించారు. "ఈ అవ్వ మీ ఇంట్లో పనికుంటుందాండీ? పాపం, బిడ్డా అని ఎంత ఆపేక్షగా పిలుస్తోందో. చిన్నప్పుడు మిమ్మల్ని ఎత్తుకుని పెంచి ఉంటుంది."

కాదండీ, మా అమ్మ అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అంటే పొలాలు ఏమవుతాయి? శ్రావణికి ఏం చెప్పాలి? స్టాఫ్‌రూమ్‌లో ఎవరెవరికి తెలుస్తుంది? ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. "అవునండీ, చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే" అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు చూడండి. అబద్ధం దొర్లకుండా అబద్ధమాడటం నాకు చదువు నేర్పిన విద్యే. వెనక కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

సత్యవతిగారి పెట్టుపోతలకు వంక పెట్టడానికి లేదు. పనసపొట్టు కూర ఆవపెట్టి వండారు, ఉప్పునేలలో పెరిగే ఒక మందపాటి ఆకును రెండుసార్లు ఉడకబెట్టి వార్చి ఎండురొయ్యలతో వేయించారు. దాన్ని ఇలకూర అన్నారు. నేను తిన్నవన్నీ అవ్వకూ పెట్టారు, ఏదీ తక్కువ చేయలేదు. నాకు బల్ల మీద, అవ్వకు వెనక వసారాలో. అంతే తేడా.

భోజనమయ్యాక అవ్వ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"మేడమ్, మీ టవలు దండెం మీద ఏసిన."

పొరపాటున విన్నానేమో అనుకున్నాను. అవ్వ అప్పటికే వసారా వైపు వెళ్లిపోయింది.

ఇసుక దిబ్బలు

మర్నాడు పొద్దున్నే ఇద్దరమే సముద్రానికి నడిచాం. దారి పొడుగునా సరుగుడు తోటలు. సన్నటి ఆకుల్లోంచి గాలి పోతుంటే వాన వస్తున్నట్టు చప్పుడు. అక్కడి పెళ్లిపందిళ్ల గుంజలన్నీ వీటివేనట. ఆ తర్వాత పొన్నచెట్లు రెండు. వాటి గింజల నూనెతో ఒకప్పుడు దీపాలు పెట్టేవాళ్లు. ఇంకా ముందుకు పోతే ఇసుక మీద ఊదారంగు పూలతో పాకిన బాలబంద తీగ. ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. జెల్లీచేప తగిలి ఒళ్లు మండితే ఈ ఆకు రసం పూస్తారని వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన చెప్పాడు.

అవ్వ ప్రతి ఆకునూ తుంచి రెండు వేళ్ల మధ్య చుట్టి చూసింది. పొన్నాకు విరిగింది. బాలబంద పాలు కారింది. ఒక్కటీ పనికిరాదని తేల్చి పారేసింది.

ఆ పక్కనే మొగలిపొదలు. వృక్షశాస్త్రం మేడమ్‌ని కదా, పిల్లలకు చూపిద్దామని ఆకు పట్టుకుని లాగాను. అంచుల వెంబడి రంపం పళ్లలా ముళ్లుంటాయని పాఠంలో చెప్పేదీ నేనే. అరచెయ్యి రెండంగుళాలు చీరుకుపోయింది. అవ్వ గబగబా వచ్చి కొంగు చింపి కట్టింది. పడితే తిట్టే మనిషి, దెబ్బ తగిలించుకుంటే ముందు వీపు మీద ఒకటి వేసే మనిషి. ఆ ఒక్కటీ పడలేదని నాకు ఏడుపొచ్చింది.

దిబ్బ ఎక్కాక సముద్రం కనిపించింది. అవ్వ చాలాసేపు చూసింది. చివరికి నీళ్లలోకి దిగి దోసిలితో తీసి నెత్తిన చల్లుకుంది, నాలుక మీద కొంచెం వేసుకుని ఉమ్మేసింది.

"గిన్ని నీళ్లుండి ఏం ఫాయిద మేడమ్, దూపకు పనికి రావాయె."

"అవ్వా, ఇక్కడ ఎవ్వరూ లేరు. అట్ల పిలవకు" అన్నాను.

"గీడ బిడ్డ అని, ఆడికి పోయి మేడమ్ అనాలంటె నాతోని కాదు. నోరు జారుతది. ఆళ్ల ముందట నీ ఇజ్జతు పోతది."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది, తిట్టించుకుని తేలిక పడేదాన్ని. వెనక్కి వెళ్లగానే సత్యవతిగారికి చెప్పేస్తానని ఆ ఒడ్డునే గట్టిగా అనుకున్నాను. వెళ్లేసరికి ఆమె ఫోన్లో శ్రావణితో మాట్లాడుతున్నారు. "ఇదిగో, నీ స్నేహితురాలు వచ్చేసింది" అని ఫోన్ నా చేతికిచ్చారు. అమ్మ ఎలా ఉందని శ్రావణి అడిగింది. బాగుందన్నాను.

తాటాకు బుట్టలు

మూడో రోజు ఊరి చివర నూకాలమ్మ అనే ఆవిడ దగ్గరికి వెళ్లాం. తాటాకు బుట్టలు, చాపలు అల్లుతుంది. మొగలి ఆకుతో కూడా చాప అల్లొచ్చని, ముందు ముళ్లు తీసి, ఉడకబెట్టి ఆరబెట్టాలని, ఇప్పుడంత ఓపిక ఎవరికీ లేదని చెప్పింది. నేను రాసుకుంటున్నాను. అవ్వ ఆవిడ ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చుని రెండు ఆకులు తీసుకుంది. గడియ తిరిగేలోపు బుట్ట అడుగు అల్లేసింది.

"అబ్బో! మీ ఏళ్లకి బలే వాటం ఉందండి. ఏం పని సేత్తారండి మీరు?"

"బీడీలు చేసిన. ఆకుతోనే బతికినం."

"మేవూ అంతేనండి" అంది నూకాలమ్మ. ఇద్దరూ వేళ్లు చూపించుకున్నారు. కత్తెర ఒరిసిన కాయ ఒకరికి, ఈనె కోసిన గీతలు ఒకరికి. నడుం నొప్పి గురించి, కళ్లు మసకల గురించి చాలా మాట్లాడుకున్నారు. రెండు రోజుల తర్వాత అవ్వ నవ్వడం అప్పుడే చూశాను.

నూకాలమ్మ నన్నొకసారి, అవ్వనొకసారి చూసింది. "ఈవిడ మీ అమ్మాయాండి? మూతీ ముక్కూ అచ్చం మీదేనండి."

అవ్వ తలెత్తలేదు. ఆకు మడుస్తూనే చెప్పింది.

"కాదమ్మ. పెద్ద సదువు సదివిన మేడమ్. నేను ఆళ్లింట్ల ఉంట."

నూకాలమ్మ నమ్మలేదు. నేనేమైనా అంటానేమోనని నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. నేను ఏమడిగానో తెలుసా? బుట్ట ఎంత అని అడిగాను. ఎనభై రూపాయలంది. వంద ఇచ్చి, చిల్లర వద్దన్నాను. ఆమె చిల్లర తెచ్చి నా చేతిలో కాకుండా నా పక్కన అరుగు మీద పెట్టింది.

బయలుదేరిన రోజు

మా దగ్గర ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఒడిబియ్యం పోసి పంపినట్టు, అక్కడ పళ్లెంలో చీర, జాకెట్టు ముక్క, కొబ్బరికాయ పెట్టి ఇస్తారు. సత్యవతిగారు నా నుదుట బొట్టు పెట్టి కొత్త పట్టుచీర ఉన్న పళ్లెం చేతికిచ్చారు. తర్వాత లోపలికి వెళ్లి ఇంకో చీర తెచ్చారు. తను కట్టి విడిచింది. ఉతికి, ఇస్త్రీ చేసి, శుభ్రంగా మడత పెట్టింది.

"ఇదిగో అవ్వా, ఇది నువ్వు కట్టుకో. రెండుసార్లే కట్టాను."

అవ్వ మెట్టు కింద నిలబడి రెండు చేతులా అందుకుంది. కళ్లకద్దుకుంది. వంగి సత్యవతిగారి కాళ్లకు దండం పెట్టబోయింది.

ఆ వంగడం చూడలేకపోయాను.

"ఆమె మా అమ్మండీ!" అన్నాను. అన్నానో అరిచానో తెలియదు. "మా అవ్వ. మా వైపు తల్లిని అవ్వ అంటామండీ."

నా చేతిలో పళ్లెం ఒరిగి కొబ్బరికాయ దొర్లిపోయింది. సత్యవతిగారి ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. అవ్వ రెండు చేతులూ పట్టుకున్నారు. "అయ్యో అయ్యో, ఎంత అపచారం చేశానమ్మా! వెనక వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టానే! కింద చాప వేసి పడుకోబెట్టానే! కట్టి విడిచిన చీర చేతిలో పెట్టానే!" అని ఏడ్చేశారు. అలా ఏడుస్తూనే నా వైపు తిరిగారు. "నేను అడిగాను కదండీ మొదటి రోజే. ఎందుకు చెప్పలేదండీ?"

అడగాల్సిన మాటే. నేను తల వంచుకుని నిలబడ్డాను. నా బదులు అవ్వ మాట్లాడింది.

"నేనే సెప్పద్దన్ననమ్మ. తల్లినంటె మీరు కుర్సీలేసి కూసుండవెడ్తరు, నాకు గా మర్యాదలు గిట్టయ్. కింద కూసుంటెనే నాకు పానం నిమ్మలం. నా బిడ్డ ఒద్దంటనే ఉన్నది, నేనే ఒట్టు వెట్టించుకున్న. దాని తప్పేం లేదు."

ఇంత అబద్ధం, ఒక్కసారి కూడా తడుముకోకుండా. ఒట్టు కూడా కల్పించింది.

సత్యవతిగారు కళ్లు తుడుచుకుని నన్ను చూశారు. ఆ చూపులో నా మీద అనుమానం పోయి జాలి వచ్చింది. "నిజమాండీ పద్మగారూ? అమ్మ ఒట్టేయించుకున్నారా?"

అప్పుడైనా కాదనొచ్చు. అంతా చెప్పేసే వీలు నా చేతికే వచ్చింది. ఒక్క మాట చాలు.

"అవునండీ" అన్నాను.

కొత్త చీర ఇస్తామని ఆమె ఎంత బతిమాలినా అవ్వ తీసుకోలేదు. పాతదే మెత్తగా ఉందని సంచిలో పెట్టుకుంది. ఆటో ఎక్కాక, ఊరు దాటాక, ఎందుకట్ల చెప్పినవవ్వా అని అడిగాను.

"ఆమె ముందట నువ్వు తలకాయ వంచుకుని నిలవడ్డవు. నాకు సూడబుద్ధి కాలే."

దారిలో కాలవ గట్టు మీద మళ్లీ మొగలిపొదలు కనిపించాయి. ఆ మొగలిపూల పొత్తి బట్టల పెట్టెలో పెడితే ఏడాది దాకా వాసన పోదని ఆటో అతను చెప్పాడు. రాసుకోలేదు. అవ్వ బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ బొటనవేలితో నా అరచేతి కట్టు విప్పి, గాయం మానుతోందో లేదో చూసింది. మానుతోందంది. సత్యవతిగారి ముందు ఆ రోజు నేను తలెత్తుకునే బయటికి వచ్చాను. అవ్వ మొహంలోకి చూసి మాట్లాడటం మాత్రం నాకు ఇంకా చేతకావడం లేదు.